ఆఫ్రికా బాకులు, 4వ పాఠం: ఒక బాకు, మూడు తేదీలు

పోయిన పాఠంలో పిడి, బ్లేడు, ఒర మూడింటికీ విడిగా ఫొటోలు తీసి కొలతలు రాసుకోమన్నాను. ఆ నోట్‌బుక్కులోనే మూడు గళ్లు గీయండి. ఇవాళ ఒక్కో గడిలో ఒక్కో తేదీ వేద్దాం. ఒకే బాకుకు మూడు తేదీలేమిటంటారా? చాలాసార్లు అంతే. మూడూ మూడు చోట్ల పుట్టి ఒక చోట కలుస్తాయి.

మొరాకో వాళ్ల స్బూలా తీసుకుందాం. వంకరగా ఉండే కుమ్మియాలా కాదు, ఇది తిన్నని బాకు. బ్లేడు కొత్తగా సాగగొట్టే బదులు యూరప్ నుంచి వచ్చిన కత్తినో, బాయొనెట్‌నో (తుపాకీ మూతికి తగిలించే కత్తి) తెగ్గోసి వాడుకోవడం అక్కడ మామూలే. మొనవైపు నుంచి బ్లేడును చూడండి. వీపు బల్లపరుపుగా, దాని కింద రేకు సన్నగా దిగి, ఇంగ్లీషు టీ అక్షరంలా ఉందా? అయితే ఫ్రెంచి సైన్యపు 1874 మోడల్ గ్రా తుపాకీ బాయొనెట్ అయ్యే అవకాశం బాగా ఉంది. వీపును మెత్తటి గుడ్డతో తుడిచి, టార్చిని పక్కనుంచి దాదాపు పడుకోబెట్టి వేయండి. కలిపిరాతలో సన్నటి చెక్కుడు తేలుతుంది: సెంట్ ఎతియెన్, తుల్, షాతెల్రో, ఇలా ఏదో ఒక కార్ఖానా పేరు, నెల, ఏడాది.

1878 అని కనబడిందనుకోండి. ఎగిరి గంతేయకండి. అది బాయొనెట్ పుట్టిన ఏడు. సైన్యం వాడి, మూలన పడేసి, అది చేతులు మారి మొరాకో చేరి, కమ్మరి కోసి, పిడి తొడిగేసరికి ఎన్నేళ్లు పట్టిందో ఆ అంకె చెప్పదు. బ్లేడు గడిలో ‘1878 తర్వాత’ అని మాత్రం రాయండి. ఆ ‘తర్వాత’ అన్న మాటే ఈ పాఠం మొత్తం.

ఇప్పుడు పిడి. తెల్లటి లోహపు రేకు ఉంటే వెండి అని మురిసిపోకుండా బరువు చూడండి. మరీ తేలికగా ఉంటే అల్యూమినియం. ఆ లోహం చవగ్గా తీసే పద్ధతి దొరికింది 1886లో. పల్లె కమ్మరి చేతికి తుక్కుగా అందింది ఇంకా చాలా తర్వాత. స్టార్ స్క్రూ కనబడితే 1930లకు ముందు మాటే లేదు. బ్లేడు 1878, పిడి 1930ల తర్వాత అయితే, ఆ బాకు తయారైంది 1930ల తర్వాతే. అన్నిటికంటే చిన్నవాడు చెప్పిందే వయసు.

దీనికో మెలిక ఉంది. ఆ స్క్రూ మరమ్మతుది కావచ్చు. స్క్రూ తల చుట్టూ చూడండి. దానికంటే పెద్ద పాత రంధ్రం, అంచున పచ్చటి చిలుము వలయం ఉంటే, అక్కడ ముందు ఇత్తడిదో రాగిదో రివిట్ ఉండేదన్నమాట. అప్పుడు స్క్రూ తేదీని పక్కన బ్రాకెట్లో రాయండి, లెక్కలో కలపకండి. అన్నట్టు, మనవాళ్లకు ఇత్తడి కనబడితే చేయి ఊరుకోదు. చింతపండు పెట్టి తోమారో, ఈ సాక్ష్యమంతా నీళ్లలో పోసినట్టే.

సహారా ఎడారిలోని సంచార జాతి తువారెగ్‌లు. వాళ్ల తెలెక్ అనే బాకుతో ఇంకో ఇబ్బంది. ఎడమ ముంజేతికి తోలు పట్టీతో, పిడి మణికట్టు వైపు, మొన మోచేతి వైపు వచ్చేలా కట్టుకుంటారు. పిడి శిలువలా ఉంటుంది. ఇనుము నేరుగా తాకడం వాళ్లకు ఇష్టముండదు, అందుకే పిడికి తోలో ఇత్తడో తొడుగుతారు. నైజర్‌లోని అగాదెజ్‌లో ఇనాదన్ అనే కమ్మరులు ఈ రూపాన్ని ఇవాళ్టికీ చేస్తున్నారు. కాబట్టి రూపం చూసి తేదీ వేయడం ఉత్త ఊహ. బ్లేడు లారీ కమాను కట్టదా, ఆకురాయి గీతలు ఎగుడుదిగుడుగా ఉన్నాయా, లేక గ్రైండర్ గీతల్లా ఒకే తీరున ఉన్నాయా అన్నది భూతద్దంతో చూడాలి.

సూడాన్‌లో మోచేతికి పైన కట్టుకునే బాకుల విషయంలో నేనే దెబ్బతిన్నాను. 1898 సెప్టెంబరు 2న ఒమ్‌దుర్మాన్ యుద్ధం అయ్యాక ఆంగ్ల సైనికులు అక్కడి ఆయుధాలు ఇళ్లకు మోసుకెళ్లారు. ఆ గిరాకీ చూసి తర్వాత జ్ఞాపిక సరుకు కూడా బోలెడు తయారైంది. అమ్మేవాళ్లు రెంటినీ ‘మహ్దీ కాలంది’ అనే అంటారు (మహ్దీ అంటే 1880ల్లో సూడాన్‌లో తిరుగుబాటు నడిపిన మతనాయకుడు). నాకూ ఒకాయన అలాగే అమ్మాడు. ఆమ్లంతో చెక్కిన అరబ్బీ అక్షరాలు, మొసలి తోలు ఒర, అన్నీ ఘనంగానే ఉన్నాయి. ఇంటికొచ్చాక ఒర మూతి దగ్గర కుట్టు విడిన చోట టార్చి వేస్తే, లోపల చెక్కకు బదులు అట్టముక్క. దాని మీద నీలం సిరాతో అచ్చు, ఏదో సబ్బు డబ్బాది. నెల అద్దె పోయింది. ఆ బాకును అమ్మలేదు, కొత్తగా నేర్చుకునేవాళ్లకు ముందు దాన్నే చేతిలో పెడతాను.

అభ్యాసం: ఒక స్బూలా. బ్లేడు వీపున 1880. పిడి కొమ్ము, ఇత్తడి రివిట్లు రెండూ చిలుముతో. ఒర తోలు పాతదే, దాని మూతి పట్టీ మాత్రం అల్యూమినియం, పట్టీ కింద తోలు మీద ఇంకా వెడల్పైన పాత పట్టీ అచ్చు. మూడు గళ్లూ నింపండి, బ్రాకెట్లో ఏది పడుతుందో ఆలోచించండి. జవాబుతో 5వ పాఠం మొదలుపెడతాను. అందులో దంతం పిడుల సంగతి, చట్టం సంగతి.