మిలిటరీ ఐడీతో విమానంలో సామాను: ఆర్డర్ల మీద ఎంత, సెలవు మీద ఎంత

అమెరికా సైన్యంలో పనిచేస్తున్న మన పిల్లల్లోనూ, వాళ్ళ ఇళ్ళల్లోనూ ఒక ధీమా కనిపిస్తుంది: కౌంటర్ దగ్గర మిలిటరీ ఐడీ చూపిస్తే చాలు, ఎన్ని బ్యాగులైనా డబ్బు లేకుండా వేసేస్తారని. ఇది సగమే నిజం. ఈ ఉచితం చట్టం ఇచ్చిన హక్కు కాదు. ఏ ఎయిర్‌లైన్‌కు ఆ ఎయిర్‌లైన్ రాసుకున్న నియమం. అందుకే ఒక కంపెనీలో చెల్లింది ఇంకో కంపెనీలో చెల్లదు. కౌంటర్ దగ్గర చూసేవి మూడు: మీ ప్రయాణం ఆర్డర్ల మీదా, సొంత పని మీదా, ఆ విమానాన్ని నిజంగా నడుపుతున్నది ఎవరు, ఒక్కో బ్యాగు బరువూ కొలతా ఎంత. బ్యాగుల లెక్క వీటి తరవాతే.

ఆర్డర్లు అంటే సైన్యం పని మీద పంపుతూ ఇచ్చే ఆదేశాలు: పీసీఎస్ (కొత్త చోటికి బదిలీ) కాగితాలు, టీడీవైకి (తాత్కాలిక డ్యూటీ ప్రయాణానికి) ఇచ్చే డీడీ 1610 ఫారం, డిప్లాయ్‌మెంట్ (విదేశీ విధులకు పంపడం) ఆర్డర్లు లాంటివి. సైన్యంలో సెలవుకి ఇచ్చే డీఏ 31 ఫారం ఆర్డర్ కాదు. అది చేతిలో ఉన్నా ఎయిర్‌లైన్ దృష్టిలో మీరు సొంత పని మీద వెళ్తున్నట్టే. నేషనల్ గార్డు, రిజర్వు (పూర్తికాలం కాని సైనికులు) వాళ్ళకు యాక్టివ్ ఆర్డర్లు ఉన్న రోజుల్లోనే పెద్ద అలవెన్స్ అడగడానికి వీలుంటుంది. రిటైరైన వాళ్ళకు సాధారణంగా ఇది వర్తించదు.

తేడా ఎంత ఉంటుందో చూడటానికి అమెరికన్ ఎయిర్‌లైన్స్‌ను తీసుకుందాం. ఆర్డర్ల మీద వెళ్తే 5 బ్యాగులు ఉచితం. ఒక్కోటి 100 పౌండ్ల దాకా, అంటే సుమారు 45 కిలోలు. కొలత (పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి) 126 అంగుళాల దాకా. సొంత పని మీదైతే 3 బ్యాగులు, ఒక్కోటి 50 పౌండ్లు, అంటే 23 కిలోలు. కొలత మామూలు 62 అంగుళాలే. మనిషీ అతనే, కార్డూ అదే, కాగితం ఒక్కటే మారింది. మిగతా పెద్ద కంపెనీలదీ ఇదే పద్ధతి, అంకెలు మాత్రం వేరు. ఈ అంకెలు ఏడాదికేడాది మారతాయి కాబట్టి టికెట్ కొన్న రోజునే ఆ కంపెనీ మిలిటరీ బ్యాగేజీ పేజీని ప్రింట్ తీసి ఆర్డర్లతో కలిపి పెట్టుకోండి. తోటివాళ్ళు చెప్పిన పాత లెక్కలు నమ్మకండి. సౌత్‌వెస్ట్‌లో అందరికీ రెండు బ్యాగులు ఉచితం అనే మాట కూడా 2025 మే 28 నుంచి చేసిన బుకింగులకు చెల్లదు.

ఆర్డర్లలో ఎన్ని బ్యాగులు రాశారన్నది వేరు, ఎయిర్‌లైన్ ఎన్ని ఉచితంగా వేస్తుందన్నది వేరు. 2011 జూన్‌లో అఫ్గానిస్థాన్ నుంచి తిరిగొస్తున్న సైనికుల దగ్గర డెల్టా నాలుగో బ్యాగుకు 200 డాలర్ల చొప్పున వసూలు చేసింది. అందరిదీ కలిపి 2,800 డాలర్లు దాటింది. తమ ఆర్డర్లలో నాలుగు బ్యాగులు ఉన్నాయని వాళ్ళు, ఎకానమీలో మూడే ఉచితమని కంపెనీ. వీడియో బయటికొచ్చి గొడవయ్యాక కంపెనీ నిబంధన మార్చింది. నిబంధన మారినా ఆ చిక్కు మాత్రం పోలేదు. ఆర్డర్లలో ‘ఎక్సెస్ బ్యాగేజీ’కి అనుమతి ఉందంటే, మీరు కట్టిన డబ్బును ప్రభుత్వం తిరిగి ఇస్తుందని అర్థం. అక్కడ కౌంటర్ దగ్గర కట్టనవసరం లేదని కాదు.

కాబట్టి బయల్దేరక ముందే యూనిట్‌లో మీ ఆర్డర్లు చూసే వాళ్ళతో ఎక్సెస్ బ్యాగేజీ అనుమతి లైను రాయించుకోండి. తరవాత రాయించడం కుదరదని కాదు, కానీ ఖర్చు తిరిగి అడిగే వోచర్ వెనక్కొచ్చి నెలల తరబడి తిరగాల్సి వస్తుంది. కట్టిన ప్రతి రసీదూ దాచండి. నియమం ప్రకారం 75 డాలర్లు, ఆ పైన ఉన్న ఖర్చులకే రసీదు తప్పనిసరి. అయినా 40 డాలర్ల బ్యాగు రసీదు కూడా ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకుంటే వోచర్ మీద ప్రశ్నలు రావు. టీడీవై అయితే వోచర్‌ను డీటీఎస్‌లో (సైన్యం వాడే ఆన్‌లైన్ ప్రయాణ వ్యవస్థలో) వేయండి. పీసీఎస్ అయితే సాధారణంగా డీడీ 1351-2 ఫారం. ప్రయాణం ముగిశాక 5 పనిదినాల్లోపు వోచర్ ఇవ్వాలి.

భార్య లేదా భర్త, పిల్లలు వెంట వస్తుంటే వాళ్ళ పేర్లు ఆర్డర్లలో ఉన్నాయో లేదో ముందే చూడండి. పేరుంటే చాలా కంపెనీలు వాళ్ళకూ అదే అలవెన్స్ ఇస్తాయి. లేకపోతే వాళ్ళు మామూలు ప్రయాణికులే. ఊరి నుంచి వచ్చి మీతోనే ఉంటున్న అమ్మానాన్నలు డిపెండెంట్లుగా నమోదు కాకపోతే వాళ్ళ బ్యాగులకు మామూలు రేటే. స్ట్రోలర్, కారు సీటు అమెరికా కంపెనీల విమానాల్లో సాధారణంగా లెక్కలోకి రావు, వాటిని ఉచితంగానే తీసుకుంటారు. కుక్క, పిల్లి బోను మాత్రం ఉచిత బ్యాగు కిందికి రాదు. దాని రుసుము వేరు. 2024 జనవరి 1 నుంచి పీసీఎస్‌లో ఒక పెంపుడు జంతువుకు అమెరికా లోపల 550 డాలర్ల దాకా, విదేశీ బదిలీకి 2,000 డాలర్ల దాకా తిరిగి ఇస్తున్నారు.

కొలతలూ బరువూ

62 అంగుళాలంటే పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిపిన మొత్తం. 38 అంగుళాల పొడవున్న డఫెల్ బ్యాగును 12 అంగుళాల మందానికి నింపితే 38, 12, 12 కలిపి సరిగ్గా 62. ఇంకో జాకెట్టు కుక్కితే మందం 14 అవుతుంది, మొత్తం 66. ఆర్డర్ల మీద ఇది పట్టింపే కాదు. సెలవు మీదైతే ఓవర్‌సైజ్ రుసుము పడుతుంది. పీఎక్స్‌లో (సైనిక స్థావరంలోని దుకాణంలో) దొరికే నల్లటి ప్లాస్టిక్ పెట్టెల్లో చాలావి ఖాళీగా ఉన్నప్పుడే 62 దాటతాయి, టేపుతో కొలవకుండా కొనకండి.

బరువు ఎక్కువగా చేరేది బట్టల వల్ల కాదు. ప్లేట్లతో కలిపి బాడీ ఆర్మర్ (తూటాల నుంచి కాపాడే కవచం) ఒక్కటే 30 పౌండ్ల దాకా తూగుతుంది. దాని పక్కన రెండు జతల బూట్లు, హెల్మెట్ పెడితే 50 నిండిపోయినట్టే. బాడీ ఆర్మర్‌ను ఒక బ్యాగులో, స్లీపింగ్ బ్యాగు లాంటి తేలిక సామాను ఇంకో బ్యాగులో పెట్టడం కన్నా బరువైనవాటిని రెండింటికీ పంచడం మంచిది. చేతి తూకం 10, 15 డాలర్లకే దొరుకుతుంది. ఎయిర్‌పోర్టు తూకంతో ఒకటి రెండు పౌండ్ల తేడా వస్తుంది కాబట్టి ఇంట్లో 48 దగ్గర ఆపేయండి.

100 పౌండ్లకు అనుమతి ఉందని నిజంగానే 100 నింపేయకండి. అంతర్జాతీయ ప్రయాణంలో చాలా కంపెనీలూ, చాలా ఎయిర్‌పోర్టులూ 32 కిలోలు, అంటే 70 పౌండ్లు దాటిన బ్యాగును డబ్బు కడతామన్నా తీసుకోవు. అది మోసేవాళ్ళ నడుములు కాపాడటానికి పెట్టిన హద్దు, మిలిటరీ అయినా సడలించరు. లండన్‌లోనో దుబాయ్‌లోనో ఇంకో కంపెనీ విమానం ఎక్కాల్సి ఉంటే ఏ బ్యాగునూ 70 దాటనివ్వకండి. ఊరికి దగ్గరి చిన్న ఎయిర్‌పోర్టుకు వెళ్ళే చిన్న విమానాల్లో చోటు లేక బ్యాగు తరవాతి విమానంలో వస్తుంది. రిపోర్టు చేయాల్సిన రోజుకు కావలసిన యూనిఫాం, కాగితాలు, మందులు చేతి సంచిలోనే ఉంచుకోండి.

పీసీఎస్‌లో అసలు తెలివి ఏమిటంటే ఎయిర్‌పోర్టుకు తక్కువ తేవడం. పుస్తకాలు, పనిముట్లు, ఇష్యూ చేసిన గేరు ప్రో-గేర్ (వృత్తికి కావలసిన సామాను) కింద, ఇంటి సామానుతో పాటు పంపుకోవచ్చు. సర్వీసు మెంబరుకు 2,000 పౌండ్ల దాకా, స్పౌజ్ వృత్తి సామానుకు 500 పౌండ్ల దాకా ఇది ఇంటి సామానుకు ఉన్న బరువు హద్దులో కలవదు. ప్యాకర్లు వచ్చినప్పుడు ఆ సామాను వేరుగా పెట్టి, పెట్టెల మీదా ఇన్వెంటరీలోనూ ప్రో-గేర్ అని రాయించాలి. రాయించకపోతే అది మామూలు సామానులో కలిసిపోయి, చివరికి అధిక బరువు బిల్లుగా వస్తుంది.

పేట్రియాట్ ఎక్స్‌ప్రెస్‌లో (సైన్యం అద్దెకు తీసుకుని నడిపించే విమానంలో) వెళ్తే లెక్క వేరు: మనిషికి 2 బ్యాగులు, ఒక్కోటి 70 పౌండ్లు, 62 అంగుళాలు. అది దిగి మామూలు విమానం ఎక్కాల్సి ఉంటే రెండింటిలో తక్కువదాన్ని బట్టి సర్దండి.

కౌంటర్ దగ్గర

యాప్‌లోనూ, కియాస్క్‌లోనూ బ్యాగుల సంఖ్య నొక్కితే అది మామూలు ధరే చూపిస్తుంది. మీరు సైన్యంలో ఉన్నారని దానికి తెలియదు. చెక్-ఇన్ మాత్రం యాప్‌లో చేసుకుని, బ్యాగుల దగ్గర సున్నా వదిలేసి మనిషి ఉన్న కౌంటర్‌కు వెళ్ళండి. క్యాక్ కార్డు (మీ మిలిటరీ ఐడీ), ముద్రించిన ఆర్డర్లు రెండూ తూకం వేయక ముందే చూపించండి. ఫోన్‌లో పీడీఎఫ్ సరిపోతుందనుకుంటారు గానీ, వెనక వంద మంది నిలబడి ఉన్నప్పుడు ఏజెంటుకు చదవడానికి కాగితమే సులువు. మీ పేరు, తేదీలు, వెళ్ళే చోటు ఉన్న లైన్ల మీద రంగు గీయండి. ఏజెంటుకు తెలియకపోతే వాదించకండి. ప్రింట్ తీసిన పేజీ చూపించి సూపర్‌వైజర్‌ను పిలవమనండి. అయినా కుదరకపోతే సైన్యం ఇచ్చిన ట్రావెల్ కార్డుతోనే కట్టి, రసీదు తీసుకుని, రిఫండ్ తరవాత అడగండి. విమానం తప్పిపోతే అంతకంటే ఖర్చు.

క్యాక్ కార్డును చూపించవచ్చు గానీ జెరాక్స్ తీయనివ్వకూడదు, ఏ వెబ్‌సైటులోనూ అప్‌లోడ్ చేయకూడదు. మిలిటరీ ఐడీని అనుమతి లేకుండా నకలు తీయడం అమెరికా చట్టం ప్రకారం నేరం. కార్డు వెనక ఉన్న 10 అంకెల డీఓడీ (రక్షణ శాఖ) ఐడీ నంబరును టికెట్‌లో నోన్ ట్రావెలర్ నంబర్‌గా వేస్తే టీఎస్ఏ (అమెరికా విమానాశ్రయాల భద్రతా సంస్థ) ప్రీచెక్, అంటే తనిఖీలో త్వరగా వెళ్ళే లైను వస్తుంది, సెలవు మీద వెళ్ళినా సరే.

బ్యాగు సర్దేముందు డఫెల్‌నూ, రక్‌శాక్‌నూ (వీపు సంచినీ) తిరగేసి ప్రతి జేబూ దులపండి. ఫైరింగ్ రేంజ్ నుంచి వచ్చాక అడుగున ఉండిపోయిన ఒక్క తూటా చాలు. అమెరికాలో జరిమానాతో పోవచ్చేమో గానీ, శంషాబాద్‌లోనో ఢిల్లీలోనో దొరికితే ఆయుధాల చట్టం కింద కేసు. సొంత తుపాకీ అమెరికా లోపల తీసుకెళ్ళాలంటే తూటాలు తీసేసి, తాళం వేసిన గట్టి పెట్టెలో పెట్టి, చెక్-ఇన్ బ్యాగేజీగా కౌంటర్‌లో ప్రకటించాలి. తాళంచెవి మీ దగ్గరే ఉండాలి. తూటాల బరువుకు చాలా కంపెనీల హద్దు 11 పౌండ్లు. ఎమ్మార్ఈ (సైనికుల రెడీమేడ్ భోజనం) పొట్లాల్లోని వేడిచేసే సంచి నీళ్ళు తగిలితే హైడ్రోజన్ వదులుతుంది, దాన్ని తీసేయండి. ఇంధనం వాసన ఉన్న క్యాంప్ స్టవ్‌ను టీఎస్ఏ వెళ్ళనివ్వదు. పవర్ బ్యాంకులు, విడి లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే. 100 వాట్-గంటల దాకా సరే, 160 దాకా ఎయిర్‌లైన్ ఒప్పుకుంటే రెండు, ఆపైన వద్దు.

సెలవు మీద ఇంటికి

హైదరాబాద్, విశాఖ, విజయవాడ వెళ్ళేవాళ్ళు ఎక్కువగా చిక్కుకునేది కోడ్‌షేర్‌లో, అంటే ఒక కంపెనీ అమ్మిన టికెట్ మీద ఇంకో కంపెనీ నడిపే విమానంలో. టికెట్ మీద అమెరికన్ కంపెనీ పేరు, దోహా నుంచి విమానం వేరే కంపెనీది. మిలిటరీ మినహాయింపు చాలావరకు తాము నడిపే విమానాలకే అని ఆ కంపెనీలు రాసుకుంటాయి. అమెరికా నుంచి వెళ్ళేటప్పుడు అక్కడి ఏజెంటు మూడో బ్యాగు వేసేసినా, తిరుగు ప్రయాణంలో శంషాబాద్ కౌంటర్‌లో ఉన్న వేరే కంపెనీ సిబ్బందికి ఆ నియమం తెలిసే అవకాశం తక్కువ. అలవెన్స్ రెండు బ్యాగులు, 23 కిలోల చొప్పున అని టికెట్‌లో ఉంటే వాళ్ళు అంతే చూస్తారు. ముందే ఫోన్ చేసి, మిలిటరీ బ్యాగేజీ అని బుకింగ్‌లో నోట్ రాయించి, ఆ మాటను ఈమెయిల్‌లో పంపమనండి. పంపకపోతే తిరుగు ప్రయాణానికి రెండు బ్యాగులే అనుకుని పచ్చళ్ళు, చీరలు సర్దుకోండి. అన్నట్టు, చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి అమెరికా కస్టమ్స్‌లో తీసేస్తారు. ఆవకాయ, గోంగూరకు ఆ బాధ లేదు, డిక్లేర్ చేస్తే చాలు.

డొమెస్టిక్ టికెట్ విడిగా కొనకండి. న్యూయార్క్ నుంచి ఢిల్లీ ఒక టికెట్, ఢిల్లీ నుంచి విశాఖ ఇంకో టికెట్ అయితే రెండోదాని మీద సాధారణంగా 15 కిలోలే. మిగిలిన ప్రతి కిలోకూ కట్టాలి. అక్కడ అమెరికన్ మిలిటరీ ఐడీకి ఏ రాయితీ లేదు.

విదేశీ సెలవుకు యూనిట్ అనుమతి ముందే తీసుకోవాలి. యూనిఫాం వేసుకుని ప్రయాణించకండి. బ్యాగు ట్యాగు మీద పేరు, ఫోన్ చాలు, ర్యాంకు, యూనిట్ వద్దు. శాటిలైట్ ఫోన్ భారత్‌కు అనుమతి లేకుండా తెస్తే అరెస్టు దాకా వెళ్తుంది. నైట్ విజన్, ఇష్యూ చేసిన గేరు ఏదైనా బ్యారక్స్‌లోనే తాళం వేసి వదిలి వెళ్ళండి.