మోకాలికి ఊరటనిచ్చే నడక – పాఠం 3: పాదం ఎటు చూస్తోంది?

ఈ పాఠం మోకాలు లోపలి వైపు అరిగినవాళ్లకు. నడుస్తున్నప్పుడు మోకాలి మీద పడే భారంలో సగానికి పైగా ఆ లోపలి భాగమే మోస్తుంది. అడుగు వేయగానే నేల తిరిగి పైకి నెట్టే బలం మోకాలికి కాస్త లోపలి పక్కగా వెళ్లడమే కారణం. పాదం కొద్దిగా అటో ఇటో తిప్పితే ఆ బలం వెళ్లే దారి జరుగుతుంది, లోపలి గుజ్జు మీద ఒత్తిడి మారుతుంది.

ముందు మీ పాదం ఇప్పుడు ఎలా పడుతోందో చూడాలి. పొద్దున్నే ఆర్కే బీచ్‌కి వెళ్లి, అల వెనక్కి పోయిన తడి ఇసుకలో చెప్పులు విప్పి మామూలుగా నడవండి. కిందికి చూడొద్దు, చూస్తే నడక మారిపోతుంది. వెనక్కి వచ్చి, నడిచిన దిశలో పుల్లతో ఒక గీత గీయండి. మడమ మధ్య నుంచి రెండో వేలికి ఇంకో గీత. రెండిటి మధ్య ఉన్నదే మీ పాదం కోణం. చాలామందికి వేళ్లు కాస్త బయటికే ఉంటాయి. నాలుగైదు అడుగులు చూడండి, ఒక్కటి చూసి తేల్చేయొద్దు. తీరం వాలుగా ఉన్నచోట కొలత తేడా వస్తుంది. అంతదూరం వెళ్లలేకపోతే ఇంట్లో తడికాళ్లతో గచ్చు మీద నడిచి, సుద్దముక్కతో గీయండి.

ఇక మార్పు. పాదం 5 డిగ్రీలు తిప్పడమంటే 25 సెంటీమీటర్ల పాదానికి వేళ్ల కొస సుమారు 2 సెంటీమీటర్లు జరగడం, అంతే! ఎటు తిప్పాలన్నదే అసలు సంగతి. 2025లో లాన్సెట్ రుమటాలజీ అనే వైద్య పత్రికలో వచ్చిన పరిశోధనలో ఒక్కొక్కరి నడకనూ ల్యాబ్‌లో కొలిచి, కొందరికి లోపలికి, కొందరికి బయటికి, 5 లేదా 10 డిగ్రీలు తిప్పించారు. ఏడాది తర్వాత వాళ్లకు నొప్పి తగ్గింది. పక్కింటి అంకుల్‌కి పనిచేసిన దిశ మీ మోకాలి మీద భారం పెంచవచ్చు. అందుకే దిశ ఫిజియోథెరపిస్ట్‌తోనే తేల్చుకోండి, యూట్యూబ్ చూసి కాదు.

తిప్పేటప్పుడు కాలు తుంటి దగ్గర నుంచి మొత్తం తిరగాలి. మోకాలిని మెలిపెడితే కొత్త నొప్పి మొదలవుతుంది. సాధన ఇసుకలో వద్దు, బీచ్ రోడ్డు మీద చదునుగా ఉన్న చోట చేయండి. కైలాసగిరి మెట్లు ఇప్పుడే వద్దు.

వచ్చే పాఠానికి మీ రెండు పాదాల కోణాలూ విడివిడిగా రాసి ఉంచుకోండి. చేతికర్ర నొప్పి లేని వైపు చేతిలో ఎందుకు పట్టుకోవాలో అప్పుడు చూద్దాం.