ఏఐ పాఠం ఎక్కడ తేడా కొడుతోంది? మామూలు మనుషులకు నేర్పేవారి కోసం సమస్య - పరిష్కారం

కంప్యూటర్ చదువు లేని పెద్దవాళ్లకు, ఇంటి పనుల్లో ఉండేవాళ్లకు, చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్లకు ఏఐ (కృత్రిమ మేధ) గురించి నేర్పేటప్పుడు పాఠం ఎక్కడో దారి తప్పుతోందని మనకు తెలుస్తూనే ఉంటుంది. ఎక్కడన్నది మాత్రం వెంటనే దొరకదు. నేను చూసినంతలో చాలా ఇబ్బందులకు మూలం ఒకటే. ఎదుట కూర్చున్న మనిషికి ఇప్పటికే బోలెడు తెలుసు, మనం దాన్ని వాడుకోవడం లేదు. కింద రాసినవన్నీ ఆ కోణంలో చూసి చెబుతున్నవే.

పది నిమిషాలకే క్లాసు మూగబోతోంది

కారణం: నిర్వచనంతో మొదలుపెట్టడం. కృత్రిమ మేధ, మెషీన్ లెర్నింగ్, న్యూరల్ నెట్‌వర్క్ అంటూ మూడు మాటలు వరసగా పడగానే ‘ఇది మన వల్ల కాదు’ అనుకుంటారు. ఆ తర్వాత ఎంత బాగా చెప్పినా చెవికెక్కదు.

పరిష్కారం వాళ్ల ఫోన్లోనే ఉంది. మెసేజ్ టైప్ చేస్తుంటే కీబోర్డు పైన తర్వాతి మాటలు చూపిస్తుంది కదా, వరసగా మధ్యలో వచ్చిన మాటనే నొక్కుతూ పొమ్మనండి. ఒక వాక్యం తయారవుతుంది. అందులో అర్థం కొంత ఉంటుంది, కొంత ఉండదు. అప్పుడు చెప్పండి: మనం రాసినదానికి జవాబిచ్చే చాట్‌బాట్ కూడా ఇలాగే, ఇప్పటిదాకా ఉన్న మాటల్ని బట్టి తర్వాత ఏది రావచ్చో లెక్క వేసుకుంటూ రాస్తుంది. కాకపోతే అది చదివిన రాతలు లెక్కలేనన్ని, లెక్క కట్టే పద్ధతి చాలా పెద్దది. ఈ ఒక్క ముక్క ఒంటబడితే మిగతా పాఠం సగం తేలికవుతుంది.

చాట్‌బాట్ ఏం చెప్పినా నమ్మేస్తున్నారు

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇవ్వాల్సింది దీనికే. ‘ఏఐ తప్పులు చెబుతుంది, జాగ్రత్త’ అని పదిసార్లు చెప్పి ఉంటారు. వాళ్లు తలలూపి ఉంటారు. అయినా ఇంటికెళ్లి మందుల డోసు దాన్నే అడుగుతారు.

ఇది అమాయకత్వం కాదు. తడబాటు లేకుండా, మర్యాదగా మాట్లాడేవాళ్లకు విషయం తెలిసే ఉంటుందని మనం జీవితమంతా మనుషుల మధ్య నేర్చుకున్నాం. యంత్రం దగ్గర ఆ గుర్తు పనిచేయదు. 1966లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్రవేత్త జోసెఫ్ వైజెన్‌బామ్ ‘ఎలైజా’ అనే ప్రోగ్రామ్ గురించి ప్రచురించారు. మనం రాసిన మాటల్నే తిప్పి ప్రశ్నలుగా అడగడం తప్ప దానికి పెద్దగా ఏమీ రాదు. ఆయన దాన్ని తయారుచేయడం నెలల తరబడి చూసిన సెక్రటరీ కూడా, దానితో మాట్లాడుతూ మాట్లాడుతూ, కాసేపు గది బయటికి వెళ్లమని ఆయన్నే అడిగారట. అంత చిన్న ప్రోగ్రామ్‌తోనే అలా అయితే ఇప్పటివాటి సంగతి చెప్పక్కర్లేదు.

అందుకే హెచ్చరికలు మానేసి, ఎవరికి ఏది బాగా తెలుసో దాని గురించే చాట్‌బాట్‌ని అడగమనండి. ఒకసారి, ఏళ్ల తరబడి కుట్టుపని చేసిన ఒకావిడ ఏటవాలుగా కత్తిరించిన బట్టతో స్కర్టు ఎలా కుట్టాలని అడిగారు. జవాబు చక్కగా, అంకెలు వేసి మరీ వచ్చింది. చదువుతూ చదువుతూ ఆవిడ ఒకచోట ఆగిపోయారు. ‘కత్తిరించాక ఒక రాత్రి వేలాడదీయాలండీ, బట్ట సాగుతుంది. వెంటనే అంచు కుట్టెయ్యమంటోంది, ఇలా అయితే కింద వంకర వస్తుంది’ అన్నారు. మిగతా క్లాసులో ఎవరికీ ఆ తప్పు కనిపించలేదు. అప్పుడు నేను అడిగింది ఒక్కటే: ‘మీకు తెలియని విషయంలో ఇలాంటి తప్పు ఉంటే?’ ఆ రోజు ఇంకేం చెప్పాల్సిన పని పడలేదు.

దీని వెనకే ఇంకో పొరపాటు వస్తుంది, కనిపెట్టి ఉండండి. అనుమానం వస్తే ‘ఇది నిజమేనా?’ అని మళ్లీ దాన్నే అడుగుతారు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ అనే చాట్‌బాట్ కల్పించిన పాత కేసుల్ని కోర్టుకు ఇచ్చి 5,000 డాలర్ల జరిమానా పడేలా చేసుకున్నారు. వాళ్లలో ఒకరు అందులోని ఒక కేసు నిజమైనదేనా అని దాన్ని అడిగారు కూడా. నిజమేనంది. చదువుకున్న లాయర్లకే అలా జరిగిందని తెలిస్తే, తప్పు పట్టలేకపోయామన్న సిగ్గు కూడా క్లాసులో తగ్గుతుంది. పేర్లు, తేదీలు, డబ్బు లెక్కలు, మందులు, చట్టాలు వచ్చాయంటే చాట్‌బాట్ బయటికి వచ్చి అసలు పత్రమో, తెలిసిన మనిషో, సంబంధిత ఆఫీసు సైటో చూసుకోవాలి. ఈ అలవాటు క్లాసులోనే, చేత్తో చేయించండి.

ఒక్క తప్పు కనిపించగానే ‘ఇదంతా దండగ’ అంటున్నారు

పై పాఠం గట్టిగా తగిలితే ఇలా జరుగుతుంది. తప్పుకు ఎంత ఖరీదు అన్నది విడమర్చి చెప్పకపోవడమే కారణం. ఉత్తరానికి చిత్తుప్రతి రాయించుకుంటే, తప్పున్నా చదివి దిద్దుకుంటాం. కష్టమైన పత్రాన్ని తేలిక మాటల్లో చెప్పించుకుంటే, పక్కనే అసలు పత్రం ఉంటుంది. మందు మానెయ్యాలా వద్దా అనేది అలాంటిది కాదు. వాళ్ల రోజువారీ పనులే తీసుకుని, ఏది దానికి అప్పగించవచ్చో, ఏది వద్దో వాళ్లచేతే వేరు చేయించండి.

‘ఎప్పుడు అడిగినా పైపై జవాబులే’

సెర్చ్‌లో అడిగినట్టు రెండు మాటలు కొడుతున్నారు. పక్కింటివాళ్లకు ఉన్న సంగతంతా చెప్పి సాయం అడిగినట్టు అడగమనండి: ఎవరి కోసం, ఎందుకు, ఎంత పొడుగు. నచ్చకపోతే ‘ఇంకా చిన్నగా చెప్పు’ అనొచ్చని చాలామందికి తెలియదు. ప్రశ్న ఇలాగే రాయాలనే ‘ప్రాంప్ట్ సూత్రాలు’ బట్టీ పట్టించకండి.

బ్యాంకు కాగితాలు, రక్తపరీక్ష రిపోర్టులు అలాగే పెట్టేస్తున్నారు

ఒక్కరితోనే మాట్లాడుతున్నట్టు ఉంటుంది కాబట్టి గుట్టుగా ఉంటుందనుకుంటారు. రాసింది ఆ కంపెనీ సర్వర్లకు వెళ్తుందని, సెట్టింగులను బట్టి మోడల్ (చాట్‌బాట్ వెనకుండే ప్రోగ్రామ్) శిక్షణకూ వాడుకోవచ్చని చెప్పండి. పేరు, ఖాతా నంబరు, పుట్టినతేదీ తీసేసి అడిగినా జవాబు దాదాపు అలాగే వస్తుంది. అది పక్కపక్కన చూపిస్తే చాలు.

డీప్‌ఫేక్ మాటెత్తగానే టెన్షన్

డీప్‌ఫేక్ అంటే ఏఐతో చేసిన, నిజమనిపించే నకిలీ బొమ్మ, వీడియో లేదా గొంతు. భయపెట్టే వీడియోలు చూపించి వదిలేస్తే ఇలాగే ఉంటుంది. ‘వేళ్లు లెక్కపెట్టండి, కళ్లార్పుతున్నారో లేదో చూడండి’ అనే చిట్కాలు నేను నేర్పడం మానేశాను. బొమ్మలు మెరుగవుతున్న కొద్దీ అవి పాతబడతాయి, పైగా లేని ధీమా ఇస్తాయి. కొన్ని సెకన్ల రికార్డింగుతోనే గొంతును అనుకరించే సాధనాలు ఉన్నాయి. కాబట్టి గొంతు గుర్తుపట్టడం రుజువు కాదు. అయినవాళ్ల గొంతుతో అర్జెంటుగా డబ్బు కావాలని ఫోనొస్తే పెట్టేసి, మన దగ్గరున్న పాత నంబరుకే మనమే తిరిగి చేయాలి. ఇంట్లోవాళ్లకే తెలిసిన ఒక రహస్యమాట పెట్టుకోవాలి. ఆ మాట ఏమిటో ఇంటికెళ్లి ఆ రాత్రే అనుకోమనండి.

క్లాసులో అంతా వచ్చినట్టే ఉంది, వారానికి మళ్లీ మొదటికే

ఎవరి వేలు తెరమీద ఉందో గమనించారా? ఆలస్యమవుతోందని మనమే ఫోన్ తీసుకుని నొక్కేస్తాం. నాకూ ఆ తొందర ఉండేది. ఇప్పుడు చేతులు వెనక కట్టుకుని నిలబడతాను. నేర్చుకునేవాళ్లు తప్పు బటన్ నొక్కినా, వెనక్కి ఎలా రావాలో వాళ్లే వెతుక్కునేదాకా ఆగుతాను. ఒక క్లాసులో రెండే పనులు అవుతాయి. అవే తర్వాతి వారం మళ్లీ మొదట చేయిస్తాను, నా సాయం లేకుండా.