కారు ఏసీ వేయగానే వోల్టేజీ పడిపోతోందా? ముందు మీటరు ఎక్కడ గుచ్చారో చూడండి

పోయిన మే నెల, మధ్యాహ్నం, అమీర్‌పేట సిగ్నల్. ఏసీ ఫుల్లుగా తిరుగుతోంది, హెడ్‌లైట్లు ఆర్పడం మర్చిపోయాను. సిగరెట్ లైటర్ సాకెట్లో గుచ్చిన చిన్న వోల్ట్ మీటరు 12.9 చూపిస్తోంది. ఇంజన్ నడుస్తుండగా 14 దగ్గర ఉండాల్సింది 12.9 అంటే గుండె జారుతుంది. మెకానిక్ కూడా అదే అంకె చూసి "డైనమో పోయిందన్నా, మార్చుడే" అన్నాడు. (డైనమో అంటే ఆల్టర్నేటరే, ఇంజన్ తిరుగుతుంటే బ్యాటరీని చార్జి చేసేది. మన షెడ్లలో పాత పేరు ఇంకా పోలేదు.) ఇంటికొచ్చి, ఏసీ, లైట్లు అలాగే ఉంచి బానెట్ ఎత్తి, మల్టీమీటరు ప్రోబులు నేరుగా బ్యాటరీ మీద పెట్టాను. 13.9! ఒక వోల్టు దారిలోనే ఎక్కడో పోతోంది.

సాకెట్ మీటరు తక్కువ చూపిస్తుంటే

మీటరు తన రెండు వైర్లు తగిలిన చోట్ల మధ్య తేడా మాత్రమే చెబుతుంది. బ్యాటరీ నుంచి సాకెట్ దాకా వచ్చేసరికి ఫ్యూజు, కీ స్విచ్చు, నాలుగైదు జాయింట్లు దాటాలి. తిరుగుదారి బాడీ ఎర్తు, అంటే కారు లోహపు బాడీయే. మీటరు తాగే కరెంటు మహా అయితే కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు, దాని వల్ల వచ్చే నష్టం లెక్కలోకి రాదు. కానీ అదే దారిని వేరే లోడ్లు కూడా వాడుకుంటాయి. దారిలో 0.05 ఓం నిరోధం ఉండి, 10 ఆంపియర్లు పోతే అర వోల్టు అక్కడే ఖర్చయిపోతుంది.

ఎక్కడ పోతోందో కనుక్కోవడం తేలికే. ఇంజన్, ఏసీ, లైట్లు ఆన్‌లో ఉంచి, మల్టీమీటరును డీసీ 20 వోల్టుల రేంజి మీద పెట్టండి. నల్ల ప్రోబు బ్యాటరీ నెగెటివ్ మీద పెట్టాలి. క్లాంపు మీద వద్దు, సీసపు పోస్టు మీదే. ఎర్రది సాకెట్ లోపలి అంచు లోహానికి తగిలించండి, ప్రోబు వైరు చాలకపోతే ఇంకో వైరు ముక్క కలపండి. 0.2 లోపు ఉంటే ఎర్తు బాగున్నట్టే. నాకు 0.6 వచ్చింది. తర్వాత ఎర్ర ప్రోబు బ్యాటరీ పాజిటివ్ మీద, నల్లది సాకెట్ మధ్య పిన్ను మీద పెడితే 0.4. రెండూ కలిపితే పోయిన ఒక వోల్టు దొరికింది. మధ్య పిన్ను, అంచు ఒకేసారి ప్రోబుకు తగిలాయంటే ఫ్యూజు ఎగురుతుంది, జాగ్రత్త.

ఎర్తు నష్టానికి కారణం డ్యాష్‌బోర్డు కింద బాడీకి బిగించిన ఒక బోల్టు. అంతకుముందు వానల్లో కారులోకి నీళ్లొచ్చాయి, అప్పుడు పట్టిన తుప్పు. బ్యాటరీ నెగెటివ్ తీసేసి, ఉప్పు కాగితంతో గీకి, గట్టిగా బిగించి, పైన కాస్త వ్యాజిలిన్ రాశాను. 0.6 కాస్తా 0.1కి దిగింది. మీ బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లపిండి కనిపిస్తే ముందు దాని పని పట్టండి.

మిగిలిన 0.4 కోసం కారు వైరింగంతా విప్పడం దండగ. మీటరుకే సొంత దారి ఇవ్వాలి. మూడు వైర్ల డిజిటల్ మీటరు కోఠి గుజరాతీ గల్లీలో అడగండి. ఎర్ర వైరు కీ ఆన్ చేస్తే వచ్చే సప్లైకి, కొలిచే వైరు బ్యాటరీ పాజిటివ్‌కి (టెర్మినల్ పక్కనే 1 ఆంపియర్ ఫ్యూజు పెట్టి), నల్లది బ్యాటరీ నెగెటివ్‌కే. నల్లదాన్ని దగ్గర్లో ఉందని బాడీకి కలిపితే మళ్లీ ఎర్తు నష్టం లెక్కలోకొస్తుంది. రెండు వైర్ల మీటరును నేరుగా బ్యాటరీకి కలిపితే రాత్రింబవళ్లు వెలుగుతూనే ఉంటుంది. 20 మిల్లీ ఆంపియర్లు తాగినా రోజుకు దాదాపు అర ఆంపియర్ అవర్. సంక్రాంతికి ఊరెళ్లి రెండు వారాలకు తిరిగొస్తే 35 ఆంపియర్ అవర్ బ్యాటరీలో దాదాపు ఐదో వంతు ఖాళీ.

మల్టీమీటరు ఎక్కువ చూపిస్తుంటే

రాత్రంతా ఆగి ఉన్న కారు పొద్దున 13.4 చూపిస్తే ముందు మల్టీమీటరునే అనుమానించాలి. లోపలి 9 వోల్టుల బ్యాటరీ నీరసిస్తే చవక మీటర్లు ఉన్నదానికంటే ఎక్కువ చెబుతాయి. అది మార్చి, కొత్త పెన్సిల్ సెల్ మీద పరీక్షించండి, 1.5 నుంచి 1.6 మధ్య రావాలి. ఇక చివరి అంకె గురించి తగువు వద్దు. 0.5 శాతం, రెండు అంకెల తేడా అని రాసి ఉన్న మీటరు 14.40 దగ్గర 0.09 అటూ ఇటూ చెప్పొచ్చు.

12.9 ఉన్నా సెల్ఫ్ కొట్టకపోతే

ఇంజన్ ఆపిన వెంటనే కొలిచి ఉంటారు. చార్జింగ్ అయిన కాసేపు పలకల పైపైన నిలిచే చార్జి వల్ల అంకె పెద్దదిగా కనిపిస్తుంది. రెండు నిమిషాలు హెడ్‌లైట్లు వేసి, ఆర్పి, కాసేపాగి చూడండి. రాత్రంతా వదిలేస్తే ఇంకా మంచిది. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీకి 12.6 నిండు, 12.4 ముప్పావు, 12.2 సగం. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే దిగితే బ్యాటరీనో కనెక్షన్లనో పరీక్షించాలి.

అంకె గెంతుతుంటే

గుంతల్లో మాత్రమే గెంతితే సాకెట్లో స్ప్రింగ్ పిన్ను వదులైంది, అంతే. ఆగి ఉన్నప్పుడూ గెంతుతుంటే ఆల్టర్నేటర్ డయోడు పోయి ఉండొచ్చు. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద ఏసీ వోల్టులు (ఈ ఏసీ అంటే ఆల్టర్నేటింగ్ కరెంటు, చల్లగాలి ఏసీ కాదు) కొలవండి, అర వోల్టు దాటితే అనుమానమే. చవక మల్టీమీటర్లలో ఏసీ రేంజి 200 నుంచే మొదలవుతుంది, వాటితో ఇది తేలదు.

కొత్త కారు, ఔటర్ రింగ్ రోడ్డు మీద 12.5

చాలా కొత్త కార్లలో బ్యాటరీ నిండితే కంప్యూటరే చార్జింగు తగ్గిస్తుంది. యాక్సిలరేటర్ వదిలితే 14 దాటుతుంది, తొక్కితే పడుతుంది. ఎండాకాలం బ్యాటరీ బాగా వేడెక్కితే కూడా చార్జింగు వోల్టేజీ కాస్త తగ్గుతుంది. హెడ్‌లైట్లు వేసి చూడండి, చాలా వాటిలో అంకె పైకెళ్తుంది. వెళ్లకపోతే బానెట్ ఎత్తి బ్యాటరీ దగ్గరే కొలవండి. అక్కడా 12.5 దగ్గరే కూర్చుంటే, అప్పుడు మెకానిక్ డైనమో మాటెత్తినా వినొచ్చు.