10 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్‌లో హార్మోనిక్స్ లేస్తున్నాయా? స్విచ్ ఆపేసిన పరికరాల్ని చూడండి

ల్యాబ్ పరికరాలన్నీ ఒకే తాళంలో నడవడానికి ఇచ్చే ఉమ్మడి సిగ్నలే 10 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్. దాని రెట్లలో, అంటే 20, 30 మెగాహెర్ట్జ్ దగ్గర, పుట్టుకొచ్చే అదనపు సిగ్నళ్లే హార్మోనిక్స్. సమస్య తెలిసిందే. స్పెక్ట్రమ్ ఎనలైజర్‌లో (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ ఉందో గీతలుగా చూపే పరికరం) 10 మెగాహెర్ట్జ్ గీత బాగానే ఉంటుంది, 20, 30 దగ్గర కూడా గీతలు లేచి ఉంటాయి. చూడగానే ఫిల్టర్ కొనడానికి ఆర్డర్ పెట్టేస్తారు. ఆగండి.

ముందు ఎనలైజర్ ఇన్‌పుట్‌కి 10 డీబీ (డెసిబెల్) అటెన్యుయేటర్, అంటే సిగ్నల్‌ని అంత తగ్గించే ముక్క, తగిలించండి. హార్మోనిక్ నిజమైనదైతే అది కూడా 10 డీబీయే తగ్గుతుంది. ఎనలైజర్ లోపలి మిక్సర్ సర్క్యూట్ తానే పుట్టించి ఉంటే 20 దగ్గరిది దాదాపు 20, 30 దగ్గరిది దాదాపు 30 డీబీ పడిపోతుంది. ఎన్నిసార్లు చెప్పినా దీన్ని వదిలేసి చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతుకుతారు.

నిజమైనదే అని తేలితే పరికరాలకు వెళ్లే లైను పీకి, సోర్సును (10 మెగాహెర్ట్జ్ పుట్టించేదాన్ని) ఒక్కదాన్నే 50 ఓమ్‌ల లోడ్ మీద కొలవండి. అక్కడే చెడుగా ఉంటే సాధారణంగా రెండే కారణాలు: ఆంప్లిఫయర్‌ని దాని శక్తికి మించి తోలుతున్నారు, లేదా వచ్చేదే స్క్వేర్ వేవ్. స్క్వేర్ వేవ్‌లో మూడో హార్మోనిక్ అసలు సిగ్నల్ కంటే 9.5 డీబీయే కింద ఉంటుంది, అది లోపం కాదు, లో-పాస్ ఫిల్టర్ (10ని వదిలి పైవాటిని ఆపేది) పెడితే సరి.

సోర్సు శుభ్రంగా ఉండి లైను కలపగానే చెడిపోతే మాత్రం అసలు దొంగ వేరే ఉన్నాడు. అనంతపురంలో ఒక కాలేజీ ల్యాబ్‌లో పొద్దున కొలిస్తే శుభ్రం, సాయంత్రం కొలిస్తే 30 దగ్గర కొండ. కేబుల్ మార్చారు, ఎండని తిట్టారు, ఆసిలేటర్ పోయిందన్నారు. తీరా చూస్తే టీ కనెక్టర్లతో వరసగా కట్టిన లైన్లో ఒక ఫ్రీక్వెన్సీ కౌంటర్ ఉంది, కరెంటు దండగని ల్యాబ్ అసిస్టెంట్ నాలుగింటికే దాని స్విచ్ ఆపేస్తున్నాడు. ఆపేస్తే ఏమవుతుందంటే, చాలా పరికరాల రిఫరెన్స్ ఇన్‌పుట్‌లో రక్షణ డయోడ్లు ఉంటాయి, పై డయోడ్ రెండో కొస పరికరం పవర్ సప్లైకి కలిపి ఉంటుంది. సప్లై సున్నాకి పడిపోతే ఆ డయోడ్ 0.6, 0.7 వోల్టులకే తెరుచుకుంటుంది. ప్లస్ 13 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి డెసిబెల్‌లో చెప్పే శక్తి) సిగ్నల్ శిఖరం 50 ఓమ్‌ల మీద 1.4 వోల్టులు, అంటే పైనా కిందా తల నరికేసినట్టే, 30 లేస్తుంది. రెండు వైపులా సమానంగా నరకకపోతే 20 కూడా లేస్తుంది.

దీన్ని పట్టుకోవడం తేలిక. 30 గీత మీద కన్నుంచి, పరికరాల్ని ఒక్కోటే ఆన్ చేసి చూడండి. ఏది ఆన్ చేస్తే గీత కూలుతుందో అదే. సోర్సు దగ్గర పెట్టిన ఫిల్టర్ దీనికి పనికిరాదు, హార్మోనిక్ పుడుతున్నది అవతలి కొసన కదా.

పరిష్కారం ఒక్కో పరికరానికి విడి అవుట్‌పుట్ ఇచ్చే డిస్ట్రిబ్యూషన్ ఆంప్లిఫయర్. డబ్బు లేదంటే, పరికరాలు తగ్గిన లెవెల్‌కీ రిఫరెన్స్‌ని పట్టుకుని నడిస్తే (లాక్ అయితే), సిగ్నల్‌ని పంచే స్ప్లిటర్ పెట్టి ఒక్కోదాని ముందు 6 డీబీ ప్యాడ్ (అటెన్యుయేటర్) వేయండి. అదీ కాకపోతే ఆపే ముందు దాని కేబుల్ పీకి, అది లైను చివరిదైతే అక్కడ 50 ఓమ్‌ల టెర్మినేటర్ (లైను కొసను ముగించే రెసిస్టర్) తగిలించండి.

ఫిల్టర్ విషయంలో ఒక్క జాగ్రత్త. మరీ బిగువైన, 10కి అతుక్కున్న కటాఫ్ (ఫిల్టర్ ఆపడం మొదలెట్టే ఫ్రీక్వెన్సీ) వద్దు. వేడి మారితే ఫేజ్ జరుగుతుంది, మేలో ఏసీ లేని కర్నూలు గదిలో అది బాగా తెలుస్తుంది. కటాఫ్ 14, 15 దగ్గర ఉంటే చాలు. తుప్పుపట్టిన కనెక్టర్, ట్రాన్స్‌ఫార్మర్ కోర్ శాచురేట్ అవడం లాంటివి అరుదు, అన్నీ అయిపోయాక చూసుకోండి.