గ్రూపులో ఒక్కరే పని చేస్తున్నారా? లోపం ఎక్కడుందో చూడండి

సమస్య: నలుగురిలో ఒకరు రాస్తుంటారు. ఇంకొకరు చార్టు అంచులకు రంగులు వేస్తుంటారు. మిగతా ఇద్దరి చూపూ గంట ఎప్పుడు కొడతారా అని.

కారణం: పిల్లల బద్ధకమని తేల్చేయడం సులువే. కానీ ఒక్కరే పూర్తి చేయగల పనిని నలుగురికి అప్పగిస్తే ఒక్కరే చేస్తారు. పెద్దల కమిటీల్లోనూ జరిగేది అదే. 'నీటి చక్రం గురించి చార్టు తయారు చేయండి' అన్నది అలాంటి పనే.

పరిష్కారం: పాఠాన్ని పంచండి. నీరు ఆవిరి కావడం ఒకరికి, మేఘాలు ఏర్పడటం మరొకరికి, వర్షం ఇంకొకరికి, నేలలోకి ఇంకడం నాలుగో వారికి. వేర్వేరు గ్రూపుల్లో ఒకే భాగం వచ్చినవాళ్లంతా ముందు ఒకచోట కూర్చుని దాన్ని నేర్చుకోవాలి. ఆ తర్వాత తమ గ్రూపుకు తిరిగొచ్చి మిగతా ముగ్గురికీ చెప్పాలి. అమెరికాలోని ఆస్టిన్ బడుల్లో మనస్తత్వవేత్త ఎలియట్ ఆరన్సన్ 1971లో మొదలుపెట్టిన జిగ్‌సా పద్ధతి ఇదే. ఇక్కడితో ఆపితే సగం పనే. చివర్లో నాలుగు భాగాలూ తెలిస్తే తప్ప జవాబు రాని ప్రశ్న ఒకటి వేసి, ఎవరికి వారిని రాయమనండి: 'ఎండ తగ్గిపోయి, నేలంతా సిమెంటుతో కప్పేస్తే బావిలో నీరు ఏమవుతుంది?' పక్కవాడు చెప్పింది విననివారు ఇక్కడ దొరికిపోతారు. గ్రూపులో నలుగురు చాలు. ఆరేడుగురైతే దాక్కోవడానికి చోటు దొరుకుతుంది.

సమస్య: ప్రశ్న వేస్తే తరగతి మౌనం. ఎప్పుడూ ఎత్తే ఆ రెండు చేతులే పైకి లేస్తాయి.

కారణం: చాలాసార్లు మన తొందరే. ఉపాధ్యాయులు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో పరిశీలనలో తేలింది. మూడు సెకన్లు ఆగినప్పుడు జవాబుల నిడివి పెరిగింది, మాట్లాడేవారి సంఖ్యా పెరిగింది.

పరిష్కారం: ముందు ఎవరికి వారు ఆలోచించాలి, తర్వాత పక్కవారితో చర్చించాలి, ఆపైనే తరగతికి చెప్పాలి. జవాబు మనమే చెప్పేయకుండా ఆగడం, నిజానికి, పిల్లలకన్నా మనకే కష్టం.

సమస్య: గోల.

ముందు కాసేపు వినండి. పాఠం గురించే అయితే వదిలేయండి. కబుర్లయితే ఇచ్చిన సమయం ఎక్కువైందన్నమాట, తగ్గించండి.

సమస్య: 'నేను చేస్తే అందరికీ మార్కులా?' అని బాగా చదివే పిల్లల ఫిర్యాదు.

కారణం: ఫిర్యాదు న్యాయమైనదే. ఉమ్మడి మార్కు కష్టపడినవారినీ కూర్చున్నవారినీ ఒకే గాటన కట్టేస్తుంది.

పరిష్కారం: మార్కు విడిగా రాసిన జవాబుకే ఇవ్వండి. గ్రూపు చార్టుకు మీ వ్యాఖ్య రాస్తే సరిపోతుంది.