రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ సైనికుల మెస్ కిట్ (వండుకుని తినే మూత గిన్నె) కొనే ముందు జాగ్రత్తలు

- ముందు మూత పిడి చూడండి. తయారీదారు గుర్తు, సంవత్సరం సాధారణంగా అక్కడే కొట్టి ఉంటాయి. చిక్కుడుగింజ ఆకారపు ఈ 1931 నమూనాను పోలినవే యుద్ధం తర్వాత రెండు జర్మనీల సైన్యాలూ వాడాయి, కాబట్టి ఆకారం చూసి మోసపోవద్దు.

- జేబులో చిన్న అయస్కాంతం ఉంచుకోండి. మొదట్లో ఇవి అల్యూమినియంవి, అంటుకోవు. ఆ లోహానికి కొరత వచ్చాక, యుద్ధం చివరి ఏళ్లలో ఎనామిల్ పూసిన ఉక్కుతో చేశారు. 1938 అని ఉన్న గిన్నెకు అయస్కాంతం అతుక్కుంటే అనుమానించాల్సిందే.

- గిన్నె మీద సైనికుడి పేరు గీసి ఉంటే భూతద్దంతో చూడండి. పాత గీతల్లో మురికి పేరుకుని, అంచులు అరిగి ఉంటాయి. నిన్న మొన్న గీసినవైతే తళతళలాడతాయి. నిజమైన పేరైతే దయచేసి పాలిష్ పెట్టకండి. ఆకలితో అన్నం తిన్న ఒక మనిషి గుర్తు అది, ఒక్కసారి రుద్దితే పోతుంది.

- పాత రంగులో సీసం ఉండొచ్చు. గరుకు కాగితంతో గీకొద్దు, అందులో వండొద్దు.

- ఇలాంటి వాటి కోసం యుద్ధభూముల్లో సొంతంగా తవ్వకండి. పేలని గుండ్లు ఇప్పటికీ బయటపడుతున్నాయి. ఎముకలు గానీ సైనికుడి గుర్తింపు బిళ్ల గానీ కనిపిస్తే ముట్టుకోకుండా అక్కడి పోలీసులకు చెప్పండి.